తిరుపాలమ్మ పలకని మంగళవారం

మా ఎదురింటి తిరుపాలమ్మకు బతుకులో ఒకటే భయం ఉండేది, నలుగురి నోట్లో పడకూడదని. ఆకలికి భయపడలేదు, కరువుకు భయపడలేదు, మొగుడు చౌడప్ప నోటికైతే అసలే భయపడలేదు. ఎవరైనా "తిరుపాలమ్మ చూడు ఏం చేసిందో" అంటారేమోనని మాత్రం వణికిపోయేది. చింతపండు బదులడగడానికి మా ఇంటికొచ్చినా, గడప దగ్గర నిలబడి నాలుగుసార్లు కొంగు సర్దుకుంటే గాని నోరు తెరిచేది కాదు. అట్లాంటి మనిషిని పట్టుకుని మా ఊరు దేవతను చేసింది. ఆ దేవత కథ ఇది.

మాది కళ్యాణదుర్గానికి షేర్ ఆటోలో పోయి రాగలిగేంత దూరంలో ఉండే పల్లె. ఎర్రనేల, శెనక్కాయ పంట, వాన తప్ప వేరే నీళ్ళు లేవు. రెండువేల రెండులో పంట మొత్తం మాడిపోయింది. మరుసటి ఏడాది ఆకాశం వైపు చూసీ చూసీ అందరి మెడలూ పట్టుకుపోయాయి. ఆ రెండో ఏడాదిలోనే తిరుపాలమ్మ ఒంట్లో కూడా ఎండ మొదలైంది.

కడుపులో ఎక్కడో చిన్న సెగ పుట్టేది. అది రొమ్ము మీదుగా మెడకెక్కి, చెవులకెక్కి, తలవెంట్రుకల మొదళ్ళలోకి పోయేది. మొహం ఎర్రగా కందిపోయేది. గుండె దబదబా కొట్టుకునేది. రవిక తడిసి వీపుకు అతుక్కునేది. కాసేపటికి అంతా దిగిపోయి, ఆ తడి ఒంటి మీదే చలి పట్టుకునేది. పొయ్యి దగ్గర, కలుపు తీసే చోట, ఆటోలో పదిమంది మధ్య ఒదిగి కూర్చున్నప్పుడు, ఎక్కడపడితే అక్కడ. నెలసరి అప్పటికే ఒక నెల వచ్చి రెండు నెలలు రాకుండా సతాయించి, చివరికి నిలిచిపోయింది.

రాత్రంతా చెమటలో నానిన మనిషి పొద్దున్నే ఏం చేస్తుంది? తలకు పోసుకుంటుంది. అక్కడే వచ్చింది చిక్కు. మా దిక్కు పెళ్ళైన ఆడది తెల్లారకముందే తలకు పోసుకుని తడి జుట్టుతో వాకిట్లో కనిపిస్తే, ఎందుకో అందరికీ తెలుసు. కొత్త కోడలైతే మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వుకుంటారు. కోడలు ముగ్గు వేస్తుంటే అత్త తడి జుట్టు విదిలించుకుంటూ దొడ్లోంచి వస్తే ఏమనుకోవాలి? కోడలు తల ఎత్తకుండా ముగ్గు వేసేది గాని, భుజాలు కదిలేవి. ఒకరోజు చౌడప్పే విసుక్కున్నాడు.

"ఏమే, ఈ వయసులో దినామూ తలకు పోసుకుంటాండావు, కోడలు ఏమనుకుంటాది? అన్యాయంగా నా మీదికి వస్తాండాది నింద."

పాపం, అతని బాధ అతనిది. తిరుపాలమ్మ ఆ రోజు నుంచి తల తడపడం మానేసి, చెమటతో చీరలు తడుపుకుంటూ గడిపింది.

వారానికొకసారి మా ఊరికి సునంద అని నర్సమ్మ వచ్చేది. మోకాళ్ళ నొప్పికి మాత్రలు కావాలని సాకు చెప్పి, అందరూ వెళ్ళిపోయేదాకా కూర్చుని, తిరుపాలమ్మ ఆమెకు సంగతి చెప్పింది. సునంద నవ్వలేదు.

"రోగం గాదు పెద్దమ్మా. ముట్టు నిలిచేటప్పుడు చానామంది ఆడోళ్ళకు ఇట్లే ఆవిర్లు లేస్తాయి. కొందరికి రెండేండ్లు ఉంటాయి, కొందరికి ఇంకా ఎక్కువ. పల్చని రవిక వేసుకో, చల్లని నీళ్ళు తాగు. మరీ తట్టుకోలేకుంటే చెప్పు, అనంతపురంలో డాక్టరమ్మ కాడికి పంపిస్తా."

"యవరికీ చెప్పద్దు సునందమ్మా."

"దాచిపెట్టేదానికి ఏముండాది దీంట్ల? నీ ఈడు ఆడోళ్ళకు నువ్వే చెప్పు, భయపడకుండా ఉంటారు."

తన ఈడు అంటే తిరుపాలమ్మకు ముందుగా మనసులో మెదిలింది గంగక్క. ఇద్దరూ ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. కలుపుకు పోతే పక్కపక్క సాళ్ళు పట్టేవాళ్ళు, సంగటి ముద్ద తెచ్చుకుంటే చెరిసగం తినేవాళ్ళు. గంగక్క మొగుడు పోయి చాలా ఏళ్ళైంది, మరిది నల్లప్ప పంచన ఉండేది. ఆమెకు చెబుదామనుకుంటూనే తిరుపాలమ్మ వారాలు గడిపింది. నోటిదాకా వచ్చిన మాటను సిగ్గు వెనక్కి లాగింది.

ఇంతలో ఊరంతా కలిసి సుంకులమ్మకు జ్యోతులెత్తాలని పెద్దలు తీర్మానించారు. సుంకులమ్మ మా ఊరి దేవత. వాన లేనప్పుడు ఇంటికొక ఆడది బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, దాంట్లో గుంత చేసి నెయ్యిపోసి వత్తి వెలిగించి, తలమీద పెట్టుకుని గుడికి పోవాలి. ముందర ఉరుములు వాయించేవాళ్ళు నడుస్తారు. ఆ వాద్యం పేరే ఉరుము. మోగిందంటే మబ్బు లోపల గుర్రుమన్నట్టే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం, కాలి కింద నేల పెనంలా ఉంది, తలమీద మండే జ్యోతి, చెవుల్లో ఉరుములు. గుడి ఇంకా కొంచెం దూరం ఉందనగా తిరుపాలమ్మకు సెగ లేచింది.

అది మామూలుగా వచ్చే సెగ కాదు. కళ్ళు తిరిగాయి. జ్యోతిని పక్క ఆడమనిషి అందుకుంది కాబట్టి సరిపోయింది. ఊపిరాడక తిరుపాలమ్మ రెండు చేతులతో పమిట లాగి పారేసింది. మొహం ఎర్రగా, ఒళ్ళంతా వణుకు, జుట్టు ముడి ఊడి వీపున పడింది. అట్లా నడివీధిలో, ఒంటి మీద రవికతో, ఊరి మొగవాళ్ళందరి ముందు నిలబడింది. ఎదురుగా ఆమె బావ శ్రీరంగప్ప ఉన్నాడు. చౌడప్పకు అన్న. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఎదుట ఆమె ఒక్కసారైనా కూర్చున్నది లేదు.

తెలివి వచ్చి తన ఒంటి వైపు తాను చూసుకున్నప్పుడు, నేల చీలితే బాగుండునని అనిపించిందట. వంగి కొంగు అందుకోబోయింది. అంతలో గుంపులోంచి ఎవరో అన్నారు, అమ్మ వచ్చిందని.

ఆ ఒక్క మాటతో అంతా తారుమారైంది. ఉరుములు జోరు పెంచాయి. బిందెలకు బిందెలు పసుపునీళ్ళు నెత్తిన పోశారు. మంటెక్కిన ఒంటి మీద ఆ చల్లదనం ఎంత సుఖంగా ఉండిందో, ఆమె నాతో చెప్పేటప్పుడు కూడా కళ్ళు మూసుకుంది. శ్రీరంగప్ప వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

కాదు అనొచ్చు. అంటే మరి పమిట ఎందుకు తీసేసినట్టు? అమ్మ రాలేదంటే, నలుగురు మొగవాళ్ళ మధ్య సిగ్గు విడిచిన ఆడది మిగులుతుంది. అమ్మ వచ్చిందంటే ఏ సిగ్గూ లేదు. తిరుపాలమ్మ నోరు మూసుకుంది. మూసుకున్నదే కాకుండా, తల రెండుసార్లు అటూ ఇటూ ఊపింది కూడా. ఆ ఊపడం మాత్రం తానే ఊపానని, సెగ కాదని, నాతో ఒప్పుకుంది.

"వాన యప్పుడు తల్లీ?" అని అడిగారు.

"వస్తాది," అంది. రాక ఎక్కడికి పోతుంది, ఎప్పుడో ఒకప్పుడు. ఆమె కర్మకొద్దీ ఆ వారంలోనే నేల తడిసేంత జల్లు పడింది. ఇక చూస్కో.

మంగళవారం వస్తే వాళ్ళ అరుగు ముందర జనం. తప్పిపోయిన మేక గురించి అడిగేవాళ్ళు, పిల్లలు లేరని అడిగేవాళ్ళు. ఆమె "మంచి జరుగుతాది" అనేది, లేదంటే "ఓపిక పట్టు" అనేది. ఈ రెండు మాటలతో మా ఊరు ఆరునెలలు సుఖంగా బతికింది. కోడలు తెల్లవారుజామునే కాగు నిండా నీళ్ళు తోడిపెట్టి, తలకు పోసుకొమ్మని బతిమాలేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు దుప్పటి తన్నేయొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. చౌడప్ప మంచం బయట పందిరి కిందికి చేరింది. పెళ్ళాన్ని ఏమని పిలవాలో అతనికి తెలియలేదు. 'ఏమే' అంటే అమ్మకు కోపం, 'అమ్మా' అనడానికి నోరు రాదు. దగ్గేవాడు. అన్నం కావాలన్నా దగ్గే, నీళ్ళు కావాలన్నా దగ్గే. టీ కొట్టు దగ్గర మాత్రం బెంచీ మీద చోటు ఇస్తున్నారని ఛాతీ ఒక బెత్తెడు పెరిగింది.

తిరుపాలమ్మ లోపల మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉండేది. ముసలివాళ్ళు కాళ్ళకు మొక్కినప్పుడల్లా వేళ్ళు లోపలికి ముడుచుకునేది. గుడి ముందు నుంచి పోవాల్సి వస్తే సందులు తిరిగి పోయేది. సునంద వచ్చే రోజు ఇంట్లోంచి బయటికే వచ్చేది కాదు.

ఆ చలికాలంలో గంగక్కకు మొదలైంది. అంతా ఇట్లాగే. కూలికి పోయిన చోట శెనక్కాయ బుడ్డలు ఒలుస్తూ ఒలుస్తూ ఉన్నట్టుండి లేచి, చాట పడేసి, బయటికి పరుగెత్తేది. చలిలో కూడా కప్పుకున్నది తీసేసి వాకిట్లో కూర్చునేది. దిగులు, ఊరికే ఏడుపు. మొగుడు లేని ఆడది, మరిది ఇంట్లో ఉన్నది. ఊరికి వేరే అనుమానం రాలేదు. గాలి సోకింది అన్నారు. ఒకే సెగ. మొగుడున్న తిరుపాలమ్మకు వస్తే అమ్మ, మొగుడు పోయిన గంగక్కకు వస్తే దెయ్యం. మా ఊరి తెలివికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆ మంటకు ఏ ముట్టుతోనూ సంబంధం లేదు.

ఒక మంగళవారం నల్లప్ప వదినను తీసుకొచ్చి అరుగు ముందర కూర్చోబెట్టాడు. నేను కూడా ఆడవాళ్ళ గుంపులో ఉన్నాను. గంగక్క చేతులు జోడించింది. ముప్పై ఏళ్ళు 'ఏమ్మే తిరుపాలూ' అని పిలిచిన నోటితో "అమ్మా" అంది.

"కడుపులో నుంచి సెగ మాదిరి లేస్తాది తల్లీ. మెడకెక్కుతాది, తలకెక్కుతాది. గుండె కొట్టుకుంటాది. మళ్ళ చలి పడ్తాది. నాకేమైండాదో నువ్వే చెప్పల్ల."

మా దిక్కు ఒక లెక్క ఉంది. అమ్మ పలికితే మంచిదే, తిట్టినా మంచిదే. పలకకుండా మొహం తిప్పుకుందంటే మాత్రం, ఎదురుగా ఉన్నది అమ్మకు కూడా లొంగని గాలి అని అర్థం. ఇది ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. తిరుపాలమ్మకు తెలియక కాదు.

ఆమె నోరు తెరిచింది. ఎదురుగా శ్రీరంగప్ప, నల్లప్ప, చుట్టూ మొగవాళ్ళు. ముట్టు అన్న మాట వాళ్ళ ముందు అనాలి. అంటే, నీకెట్లా తెలుసు అని అడుగుతారు. ఆ తర్వాత పమిట సంగతి అడుగుతారు. తెరిచిన నోరు మూసుకుంది. గంగక్క కళ్ళల్లోకి చూడలేక మొహం పక్కకు తిప్పుకుంది.

జనంలో గుసగుస పుట్టింది. నల్లప్ప వదిన చెయ్యి పట్టుకుని లేపాడు. గంగక్క పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది.

ఆ సాయంత్రం తిరుపాలమ్మ పందిరి కింద మొగుడి మంచం దగ్గర కూర్చుని నిజం చెప్పేసింది. అమ్మా లేదు గిమ్మా లేదు, ముట్టు నిలిచింది, అంతే.

"అయితే ఇన్ని దినాలు నన్ను ఊరికే బయట పండబెట్టినావా?" అన్నాడు చౌడప్ప.

"గంగక్కకూ అదే. పొయ్యి చెప్పొస్తా."

"గమ్మునుండు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తాది. రేప్పొద్దున నేను తల యాడ పెట్టుకోవల్ల? వాళ్ళ వదిన, వాళ్ళ ఇష్టం. ఏమన్నా తాయెత్తు కట్టిస్తారు, సరిపోతాది."

ఆమె ఆగిపోయింది. ఆపుతాడని తెలిసే అతనికి చెప్పిందేమోనని నా అనుమానం. ఆ మాట ఒకసారి ఆమెతోనే అన్నాను. కాదనలేదు.

తాయెత్తుతో సరిపోలేదు. మరుసటి రోజు నల్లప్ప ఆటో మాట్లాడి గంగక్కను ఎవరో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. చీకటి పడేవేళకు తెచ్చి దించారు. రెండు పిక్కల మీదా వాతలు. ఎర్రగా కాల్చిన ఇనుపకమ్మితో పెట్టినవి. దెయ్యం మొండిది, ఇంకా దిగలేదు, అమావాస్యకు మళ్ళీ తీసుకురండి, ఈసారి వీపు మీద పెడతాను అన్నాడట ఆ మహానుభావుడు.

వాతల మాట విని తిరుపాలమ్మ ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. పొద్దున్నే పోయింది. గంగక్క చాప మీద పడుకుని ఉంది, కాళ్ళకు కలబంద గుజ్జు రాసి ఉంది. వచ్చింది ఎవరో చూసి, లేవలేని మనిషి లేచి కూర్చోబోయింది. చేతులు జోడించింది.

"వచ్చినావా తల్లీ. నువ్వు మొగం తిప్పుకుంటే నాకు శానా భయమైపాయ. నేనేం తప్పు చేస్తినమ్మా?"

తిరుపాలమ్మ ఆ జోడించిన చేతులు పట్టుకుని విడదీసింది. సునంద చెప్పినదీ, జ్యోతుల రోజు జరిగినదీ, తాను తల ఊపినదీ, అన్నీ చెప్పింది. గంగక్క వింటూ వింటూ చేతులు లాగేసుకుంది.

"నీకూ ఇంతేనా?"

"ఇంతే."

"మంగళారం నేను చెప్తాన్నప్పుడు నీకు తెల్సు."

"తెల్సు."

గంగక్క గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "నాకు చెప్తే ఏమొస్తాది? నా మాట నల్లప్ప వింటాడా? అమాసకు మళ్ళ పోవల్ల. చెప్పేదుంటే అందరి ముందర చెప్పు," అంది.

అమావాస్యకు ముందు ఒక్క మంగళవారమే ఉంది. ఆ రోజు తిరుపాలమ్మ తలకు పోసుకోలేదు, బొట్టు పెద్దది పెట్టుకోలేదు. అరుగు మీద కూర్చోకుండా కిందికి దిగి నిలబడింది. కొంగు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. అప్పుడు చెప్పింది.

"నా మీదికి ఏ అమ్మా రాలేదు. నాకు ముట్టు నిలిచిపాయ. దానికి ఒంట్లో ఆవిర్లు లేస్తాయి. ఆ పొద్దు ఊపిరాడక పమిట తీసేస్తి. మీరు అమ్మ అంటిరి, నేను సిగ్గుపడి ఊరకుంటి. గంగక్కకు కూడా ఇదే. గాలీ లేదు, ధూళీ లేదు. ఆయమ్మను యాడికీ తీసకపోవద్దండి."

మొగవాళ్ళందరూ ఒక్కసారిగా నేల చూశారు, అక్కడేదో పోగొట్టుకున్నట్టు. వెనక కుర్రవాళ్ళు కిసుక్కున నవ్వారు. శ్రీరంగప్ప లేచి, భుజం మీద తువ్వాలు దులిపి, ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. చౌడప్ప అప్పటికే ఇంట్లోకి దూరాడు. నల్లప్ప ఒక్కడే నిలబడి, "మంత్రగాడు దెయ్యమనె గదా?" అన్నాడు.

"వానికేమన్నా ముట్టు నిలిచిందా, తెల్సేకి?" అంది ఆడవాళ్ళలోంచి ఒక ముసలామె. తర్వాత తిరుపాలమ్మ మీదికి తిరిగి, "నాకూ లేసినాయిలే ఆవిర్లు. నీ మాదిరి ఊరికి చెప్పుకుంటినా?" అని తిట్టింది.

అమావాస్యకు నల్లప్ప ఆటో మాట్లాడలేదు. తిరుపాలమ్మను కూలికి పిలిచేవాళ్ళు తగ్గారు. కనబడితే పిల్లలు ఒళ్ళు ఊపి చూపించి పరుగెత్తేవాళ్ళు. ఏ మాట పడకూడదని జన్మంతా ఒదిగి బతికిందో, ఆ మాటలన్నీ ఒక్క నెలలో పడింది. నాకు జాలేసేది. ఆమెకు మాత్రం ఆ మాటలు పెద్దగా తగిలినట్టు లేదు. ఆమెను తినేసేది వేరే ఉంది.

గంగక్క కాళ్ళు మానడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి పోయింది. గంగక్క గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. తిరుపాలమ్మ వాకిట్లో నిలబడే అంది.

"సిగ్గయి చెప్పలేకపోతి గంగక్కా."

గంగక్క చాటలోంచి తల ఎత్తింది.

"నలుగురు మొగోళ్ళు నన్ను కింద పండబెట్టి కాళ్ళు చేతులు పట్టుకుండ్రి. చీర మోకాళ్ళ పైకి ఎత్తిరి. నాకు సిగ్గు గాలేదనుకున్యావా?"

నిలబడిన చోటే తిరుపాలమ్మకు సెగ లేచింది. మెడ ఎర్రబడింది, నుదుటి మీద చెమట పోసింది. కొంగుతో తుడుచుకోవడానికి కూడా మనసు రాక అట్లాగే నిలబడింది.

ఆ మొహం చూస్తే ఊళ్ళో ఇంకెవరికీ తెలియకపోయినా గంగక్కకు తెలుస్తుంది. కాసేపు చూసింది. తర్వాత పక్కనున్న నీళ్ళ చెంబు గడప అవతలికి జరిపింది. తిరుపాలమ్మ చెంబు అందుకుంది గాని, నోటి దగ్గరికి తీసుకుపోలేకపోయింది.

"తాగు," అంది గంగక్క, మళ్ళీ బియ్యంలోకి వంగుతూ. "యవరూ చూడ్లేదులే."